మావారి సిబిల్ స్కోరు 561. భార్యగా నేనేం చేయగలను?

కృష్ణలంక_టీచర్
12 జూన్ 2024

అందరికీ నమస్కారం. చాలాకాలంగా ఇక్కడ చదవడమే గానీ ఎప్పుడూ రాయలేదు. ఇవాళ రాయక తప్పడం లేదు.

మాది విజయవాడ. నేను ప్రభుత్వ పాఠశాలలో టీచర్‌ని, మావారు పెళ్లిళ్ల ఫోటోగ్రాఫర్. పటమట వైపు ఒక ఫ్లాట్ నచ్చితే అడ్వాన్స్ ఇచ్చేముందు లోన్ సంగతి కనుక్కుందామని బ్యాంకుకు వెళ్లాం. అప్పులు ఎంత సక్రమంగా కడుతున్నామో చెప్పే ఆ సిబిల్ స్కోరు నాది 782. ఆయనది 561. మేనేజర్ గారు చాలా మర్యాదగానే, "మేడమ్, మీ ఒక్కరి పేరు మీదైతే చూద్దాం. సార్‌ని కలిపితే కష్టం" అన్నారు. ఇల్లు చేరేదాకా ఆయన బండి మీద నోరు విప్పలేదు. రాత్రి అన్నం ముందు కూర్చున్నాక చెప్పారు. 2020లో లాక్‌డౌన్ వచ్చి వైశాఖం పెళ్లిళ్లన్నీ ఆగిపోతే కెమెరా ఈఎంఐలు, క్రెడిట్ కార్డు బిల్లు కట్టలేకపోయారట. ఒక యాప్‌లో అప్పు కూడా చేశారట. మా పెళ్లి 2022లో అయింది. ఇవేవీ నాకు తెలియవు.

కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. అయితే ఆయనకు దుబారా లేదు, ఏ చెడు అలవాటూ లేదు. ఇప్పుడు నెలకు సగటున 45 వేలు తెస్తున్నారు. ఇల్లు ఇద్దరి పేర్ల మీద ఉండాలన్నది నా పట్టుదల. నా మంచి స్కోరు ఆయనకేమైనా ఉపయోగపడుతుందా? నేను పర్సనల్ లోన్ తీసి ఆయన బాకీలన్నీ ఒకేసారి కట్టేయనా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

బందరు_రోడ్డు
12 జూన్ 2024

మేడమ్, మీకు గవర్నమెంటు జీతం ఉంది కాబట్టి తక్కువ వడ్డీకే పర్సనల్ లోన్ ఇస్తారు. తీసుకుని అన్నీ ఒక్క దెబ్బకు మూసేయండి. కార్డు వడ్డీ నెలకు 3 శాతం పైనే ఉంటుంది. దానితో పోలిస్తే ఇదే నయం. మా బావమరిది ఇలాగే బయటపడ్డాడు.

రిటైర్డ్_బ్రాంచి_మేనేజర్
12 జూన్ 2024

అమ్మా, తొందరపడి లోన్ తీయకు. ముందు ఆయన రిపోర్టు చూడండి. స్కోరు అంకె కాదు, పూర్తి రిపోర్టు. మన దేశంలో ఈ లెక్కలు ఉంచే కంపెనీలు నాలుగు: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హై మార్క్. ఒక్కొక్కటి ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలన్నది రిజర్వ్ బ్యాంకు నిబంధన. నాలుగూ వాటి సొంత వెబ్‌సైట్ల నుంచే తీయండి. ఉచితంగా స్కోరు చూపిస్తామనే యాప్‌లలో చాలావాటి పని లోన్లు అమ్మడం. ఎవరి రిపోర్టు వాళ్లు చూసుకుంటే స్కోరు తగ్గదు, ఆ భయం పెట్టుకోకండి.

నీ స్కోరు ఆయనకు పనికిరాదు. పెళ్లితో ఇద్దరి చరిత్రలూ ఒకటి కావు. ఎవరి పాన్ నంబరు వాళ్లది, ఎవరి లెక్క వాళ్లది. నువ్వు అప్పుచేసి ఆయన బాకీ కడితే ఆ ఈఎంఐలు సక్రమంగా కట్టిన పేరు నీకు వస్తుంది, ఆయనకు రాదు. పైగా హోమ్ లోన్‌కు నీ అర్హత ఆ మేరకు తగ్గిపోతుంది. బందరు రోడ్డు గారి బావమరిదికి ఇంటి లోన్ అవసరం లేదేమో, మీకు ఉంది కదా.

రిపోర్టులో ప్రతి ఖాతా కింద నెలనెలా డీపీడీ అని గళ్లుంటాయి. గడువు దాటి ఎన్ని రోజులైందో చెప్పే అంకె అది, 36 నెలలది కనిపిస్తుంది. ఆ గళ్లు చూడండి, ఖాతా స్టేటస్ దగ్గర ఏం రాసుందో చూడండి. పాన్, ఖాతా నంబర్లు లేకుండా ఆ వివరాలు ఇక్కడ పెట్టు, చెబుతాను.

నిజామాబాద్_అక్క
13 జూన్ 2024

చెల్లె, నా గోడు కూడా ఇదే. మా ఇంట్ల 2018ల బయటపడింది. లెక్కల సంగతి పెద్దాయన చెప్తరు. నేను చెప్పేది వేరే. ఆ రిపోర్టు నువ్వొక్కదానివే తీసి చదివి, పొద్దున్నే ఆయన ముందు పెట్టకు. నేను అట్లనే చేసిన. మూడు నెలలు మా ఇంట్ల మాటల్లేవు. ఆయన ఫోన్‌కు ఓటీపీ వచ్చేటప్పుడు పక్కన కూర్చో, ఆయన చేతనే తీయించు. ఒక్కో ఖాతా చదువుతుంటే ఆ సంవత్సరం ఏమైందో ఆయన్నే చెప్పనీ. మధ్యల ఆపకు. మా ఆయన రెండో ఖాతా దాక వచ్చి లేచి బాల్కనీలకు పోయిండు. నేను ఛాయ్ పెట్టుకుని పోయి పక్కన కూసున్న. మూడోది తెల్లారినంక చదివినం.

డల్లాస్_శ్రీకాకుళం
13 జూన్ 2024

ఇక్కడ అమెరికాలో ఒక ఉపాయం ఉందండీ. నేను మా ఆవిడను నా క్రెడిట్ కార్డు మీద ఆథరైజ్డ్ యూజర్‌గా చేర్చాను. కొద్ది నెలల్లో ఆమెకూ క్రెడిట్ హిస్టరీ మొదలైంది. మీరు మీ కార్డు మీద ఆయనకు యాడ్-ఆన్ కార్డు ఇప్పించకూడదా?

రిటైర్డ్_బ్రాంచి_మేనేజర్
13 జూన్ 2024

బాబూ, అమెరికాలో అది నడుస్తుంది, నిజమే. ఇక్కడ యాడ్-ఆన్ కార్డు బాధ్యత మొత్తం అసలు కార్డుదారుదే. ఆయన గీకిన ప్రతి రూపాయీ టీచరమ్మ ఖాతాలోనే పడుతుంది. ఇక్కడ ఆ దారిని నమ్ముకుని కూర్చోకూడదు. పాత మచ్చలున్న మనిషికి తన సొంత పేరు మీద కొత్త మంచి రికార్డు కావాలి. ఆ దారి తర్వాత చెబుతాను.

కృష్ణలంక_టీచర్
23 జూన్ 2024

ఆదివారం ఇద్దరం కూర్చుని తీశాం. అక్కా, మీరు చెప్పినట్టే మధ్యలో మాట్లాడకూడదనుకున్నాను. చాలా కష్టమైంది గానీ ఆపుకున్నాను. సార్, వివరాలు ఇవీ.

క్రెడిట్ కార్డు: 86,400 బాకీ ఉంటే 2021లో బ్యాంకుతో మాట్లాడుకుని 38,000 కట్టారు. స్టేటస్ "సెటిల్డ్". అంతటితో తీరిపోయిందనే ఆయన ఇన్నాళ్లూ అనుకున్నారు. కెమెరా లోన్: 2020లో రెండు ఈఎంఐలు బౌన్స్ అయ్యాయి. ఆ అక్టోబరులో ఏజెంటు ఇంటికొస్తే నగదు ఇచ్చేశారు. కానీ ఇప్పటికీ 7,940 ఓవర్‌డ్యూ (గడువు దాటిన బాకీ) అని ఉంది. యాప్ అప్పు: 9,850, "రిటన్ ఆఫ్" (ఇక వసూలు కాదని లెక్కల్లో తీసేశారు). నాలుగోది చూసి ఇద్దరం తెల్లబోయాం. 2023లో ఒక స్నేహితుడి బైక్ లోన్‌కు ఈయన జామీను సంతకం పెట్టారు. అది కూడా ఈయన రిపోర్టులో ఉంది, వాళ్లు రెండు నెలలు కట్టలేదు. ఇవి కాక గత ఏప్రిల్‌లో ఒక్క నెలలోనే ఐదు ఎంక్వైరీలు (లోన్ అడిగినప్పుడు సంస్థలు రిపోర్టు తీసి చూసిన నమోదులు) ఉన్నాయి. లోన్ ఇప్పిస్తానన్న ఒక బ్రోకరు ఈయన కాగితాలు ఐదు చోట్లకు పంపాడట.

రిటైర్డ్_బ్రాంచి_మేనేజర్
23 జూన్ 2024

ఇప్పుడు రోగం తెలిసింది. ఒక్కొక్కటీ చెబుతాను, ఓపిగ్గా చదవండి.

మొదట కెమెరా లోన్. కట్టిన డబ్బు కట్టలేదని చూపడం తప్పు. దాన్ని సరిచేయించుకోవడం మీ హక్కు. రసీదు ఉందా? ఉంటే ఫైనాన్స్ కంపెనీకి, సిబిల్‌కు రెండు చోట్లా ఫిర్యాదు పెట్టండి. 30 రోజుల్లో తేల్చకపోతే ఆ తర్వాత రోజుకు 100 రూపాయలు పరిహారం ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు 2023 అక్టోబరులో ఉత్తర్వు ఇచ్చింది, ఈ ఏప్రిల్ 26 నుంచి అమలులో ఉంది. అప్పు ఇచ్చిన సంస్థ 21 రోజుల్లో తన జవాబు పంపాలి. అది ఒప్పుకోనిదే సిబిల్ తనంతట తాను ఏదీ మార్చదు. కాబట్టి అసలు ఒత్తిడి పెట్టాల్సింది ఫైనాన్స్ కంపెనీ మీద.

యాప్ అప్పు. ఆ యాప్ వెనక ఏ ఎన్‌బీఎఫ్‌సీ (బ్యాంకు కాని ఫైనాన్స్ సంస్థ) ఉందో రిపోర్టులోనే ఉంటుంది. నేరుగా ఆ సంస్థకు మెయిల్ పెట్టి, పూర్తి బాకీ ఎంతో రాతపూర్వకంగా తెప్పించుకుని, ఆ సంస్థ బ్యాంకు ఖాతాకే కట్టండి. మధ్యలో ఎవరో ఫోన్ చేసి సగమిస్తే చాలు, నా నంబరుకు యూపీఐ చేయమంటారు. చేయొద్దు. రాత్రీపగలూ ఫోన్లు చేసి వేధిస్తే సహించనక్కర్లేదు, వసూలు కోసం ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేయకూడదు. తగ్గించి కడతామని బేరమాడకండి, అది మళ్లీ "సెటిల్డ్" అని పడుతుంది.

కార్డు సంగతి. అమ్మా, చాలామంది బోల్తా పడేది ఇక్కడే. బ్యాంకు దృష్టిలో "సెటిల్డ్" అంటే ఈ మనిషి మొత్తం కట్టలేకపోతే మేమే వదులుకున్నాం అని. "క్లోజ్డ్" అంటే పైసాతో సహా కట్టాడని. వదిలేసిన 48,400 కడితే స్టేటస్ "క్లోజ్డ్"గా మారుస్తారా అని ఆ బ్యాంకును మెయిల్‌లో అడగండి. ఒప్పుకుంటూ జవాబు వచ్చాకే కట్టండి. నోటిమాట నమ్మి కట్టవద్దు. కట్టాక ఇక బాకీ లేదని చెప్పే నో డ్యూస్ సర్టిఫికెట్ తీసుకోండి.

జామీను మాత్రం నెమ్మదిగా తేలే వ్యవహారం. సంతకం వెనక్కి తీసుకుంటానంటే బ్యాంకు ఊరికే ఒప్పుకోదు. ఆ స్నేహితుడి ఇంటికి వెళ్లి కూర్చుని కట్టించండి.

ఎంక్వైరీలకు మందు లేదు. ఇక కొత్తవి పడకుండా చూడండి. వచ్చే ఆరు నెలలు ఎక్కడా ఏ లోనుకూ అప్లై చేయకూడదు.

కాలిన_చేయి
24 జూన్ 2024

ఒక్క మాట చేర్చాలి. "సిబిల్ క్లీన్ చేసిపెడతాం, 45 రోజుల్లో 750" అంటూ మీకు కచ్చితంగా ఫోన్లు వస్తాయి. నేను 15,000 ఇచ్చాను. వాళ్లు చేసిందల్లా నా లాగిన్ తీసుకుని, నిజంగా నేను ఎగ్గొట్టిన ఖాతాల మీద కూడా "ఇది నాది కాదు" అని ఫిర్యాదులు పెట్టడం. అన్నీ తిరిగొచ్చాయి. ఆ తర్వాత నేను సొంతంగా పెట్టిన నిజమైన ఫిర్యాదును కూడా అనుమానంగా చూశారు. నిజంగా జరిగిన ఆలస్యాన్ని డబ్బు తీసుకుని ఎవరూ చెరపలేరు. తప్పుగా పడినదాన్ని దిద్దించడానికి ఎవరికీ డబ్బు ఇవ్వక్కర్లేదు.

కృష్ణలంక_టీచర్
3 జూలై 2024

రసీదు కోసం ఇల్లంతా వెతికాం. ఏజెంటు చేతిమిషన్ నుంచి ఇచ్చిన చిన్న కాగితం అది. పాత కెమెరా బ్యాగు పక్క జేబులో దొరికింది, కానీ అక్షరాలు పూర్తిగా వెలిసిపోయి తెల్ల కాగితంలా ఉంది. నాకు కాళ్లలో సత్తువ పోయింది. ఆయన ఏమీ అనకుండా లోపలికి వెళ్లి, పాత మెమరీ కార్డులున్న డబ్బా తెచ్చారు. ఒక్కొక్కటి పెట్టి చూస్తూ రాత్రి పన్నెండు దాటాక పిలిచారు. ఒక నిశ్చితార్థం ఫోటోల చివర, మా పాత డైనింగ్ టేబుల్ మీద పెట్టి తీసిన ఆ రసీదు ఫోటో ఉంది. 14 అక్టోబరు 2020, 7,940 రూపాయలు, లోన్ నంబరుతో సహా. ఆరోజు కొత్త లెన్స్ ఫోకస్ సరిచూసుకోవడానికి తీశారట.

నిన్న, జూలై 2న, రెండు చోట్లా ఫిర్యాదు పెట్టాం.

నిజామాబాద్_అక్క
3 జూలై 2024

చదువుతుంటే కండ్లల నీళ్లొచ్చినయి చెల్లె. మంచిగైతది.

కృష్ణలంక_టీచర్
25 ఆగస్టు 2024

సార్, ఆగస్టు 1కి 30 రోజులైనా కదలిక లేదు. మీరు చెప్పిన ఉత్తర్వు సంగతి రాస్తూ ఫైనాన్స్ కంపెనీలో ఫిర్యాదులు చూసే నోడల్ అధికారికి మెయిల్ పెట్టాం. అప్పటికీ తేలకపోతే ఫిర్యాదులు విచారించే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్తామని కూడా రాశాం. ఆగస్టు 19న ఓవర్‌డ్యూ తీసేసి ఖాతా "క్లోజ్డ్" చేశారు. 18 రోజులకు 1,800 రూపాయలు ఆయన ఖాతాలో పడ్డాయి. డబ్బు చిన్నదే. కానీ ఆ మెసేజ్ ఆయన నాకు మూడుసార్లు చూపించారు.

యాప్ బాకీ పూర్తిగా కట్టేశాం. మీరు చెప్పినట్టే ఒకతను ఫోన్ చేసి 5 వేలు తన నంబరుకు పంపితే ఫైలు మూసేస్తానన్నాడు. ఈయన లొంగలేదు. ఇక కొత్త రికార్డు సంగతి చెప్పండి.

రిటైర్డ్_బ్రాంచి_మేనేజర్
25 ఆగస్టు 2024

శభాష్. ఇప్పుడు ఆయన పేరు మీద ఒక ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసి, దాని మీద క్రెడిట్ కార్డు తీసుకోండి. డిపాజిట్ హామీగా ఉంటుంది కాబట్టి తక్కువ స్కోరుకూ చాలా బ్యాంకులు ఇస్తాయి. నువ్వు సాయం చేయాలనుకుంటే ఇక్కడ చెయ్యి. డిపాజిట్‌లో నీ డబ్బు ఉన్నా ఫరవాలేదు, పేరు మాత్రం ఆయనది ఉండాలి. పెట్రోలు, ఫోను బిల్లు లాంటి ఎటూ తప్పని ఖర్చులకే వాడాలి. లిమిట్‌లో 30 శాతం లోపు వాడి, బిల్లు మొత్తం కట్టాలి. మినిమం డ్యూ (బిల్లులో అడిగే కనీస మొత్తం) కట్టి ఊరుకుంటే మళ్లీ పాత గోతిలోకే.

కృష్ణలంక_టీచర్
9 డిసెంబరు 2024

సెప్టెంబరులో 30,000 డిపాజిట్ వేశాం, 24,000 లిమిట్‌తో కార్డు వచ్చింది. వంటింట్లో గోడ క్యాలెండరు మీద 18వ తేదీ చుట్టూ నీలం ఇంకు, 6వ తేదీ చుట్టూ ఎరుపు ఇంకు చుట్టి పెట్టాను. నీలం స్టేట్‌మెంట్ వచ్చే రోజు, ఎరుపు కట్టాల్సిన ఆఖరు రోజు. ఆయన 2వ తేదీకే కట్టేస్తున్నారు. అక్టోబరుకే 604 అయింది. నవంబరులో మాత్రం కార్తీక మాసం పెళ్లిళ్ల హడావిడిలో కార్డు మీద 19,000 పెట్టి ఒక లైటు కొన్నారు. గడువుకు ముందే మొత్తం కట్టినా స్కోరు 22 తగ్గింది. ఎందుకిలా?

రిటైర్డ్_బ్రాంచి_మేనేజర్
9 డిసెంబరు 2024

బ్యాంకు సిబిల్‌కు పంపే లెక్కలో సాధారణంగా స్టేట్‌మెంట్ రోజున ఉన్న బాకీ ఉంటుంది. 24 వేల లిమిట్‌లో 19 వేలు వాడినట్టు వెళ్లింది. డబ్బుకు ఇబ్బంది పడుతున్నాడేమోనని అనుమానం వస్తుంది. పెద్ద ఖర్చు తప్పకపోతే నీలం తేదీకి ముందే చాలావరకు కట్టేయమను. తగ్గింది వచ్చే లెక్కకు తిరిగొస్తుంది. జనవరి 1 నుంచి బ్యాంకులు నెలకు కాకుండా పదిహేను రోజులకోసారి సమాచారం పంపాలి, కాబట్టి మంచైనా చెడైనా ఇకమీదట త్వరగా కనిపిస్తుంది.

బందరు_రోడ్డు
10 డిసెంబరు 2024

మేడమ్, మొదట్లో నేనిచ్చిన సలహా తప్పని ఇప్పుడు అర్థమైంది. మా బావమరిదికి కూడా ఈ చర్చ పంపాను. లోన్ తీసింది మా చెల్లెలు, అతని స్కోరు ఇంకా 590 దగ్గరే ఉంది.

కృష్ణలంక_టీచర్
2 మార్చి 2025

మాఘ మాసంలో ఆయనకు పదకొండు పెళ్లిళ్లు దొరికాయి. ఆ డబ్బుతో కార్డు బ్యాంకు వదిలేసిన 48,400 కట్టేశాం. ముందు మెయిల్‌లో ఒప్పుకోలు తెప్పించుకునే కట్టాం. వాళ్ల మొదటి జవాబులో "పరిశీలిస్తాం" అని మాత్రమే ఉంది. దానికి కట్టకుండా మళ్లీ రాస్తే, "క్లోజ్డ్‌గా మారుస్తాం" అన్న స్పష్టమైన మాట రెండో మెయిల్‌లో వచ్చింది. నో డ్యూస్ సర్టిఫికెట్ ప్రింటు తీసి ల్యామినేట్ చేయించారు. బైక్ స్నేహితుడు కూడా బాకీ ఈఎంఐలు కట్టాడు. వాళ్లింటికి నేను కూడా వెళ్లాను. అతని భార్యకు ఆ లోన్ సంగతే తెలియదు. ఆమె ముఖంలో నేను నిరుడు జూన్‌లో ఎలా ఉన్నానో కనిపించింది. ఈ చర్చ చదవమని ఆమెకు పంపాను.

స్కోరు 668.

డల్లాస్_శ్రీకాకుళం
3 మార్చి 2025

ఇక్కడి నుంచి ప్రతి అప్‌డేట్ కోసం ఎదురుచూస్తున్నామండీ, మా ఆవిడ కూడా.

కృష్ణలంక_టీచర్
17 ఆగస్టు 2025

729 అయింది. పటమట ఫ్లాట్ ఎప్పుడో అమ్ముడైపోయింది. కానూరులో వేరేది చూశాం. పాత కార్డు బ్యాంకుకు కాకుండా వేరే బ్యాంకుకు వెళ్లాం. ఇద్దరి పేర్ల మీదా లోన్ శాంక్షన్ అయింది. నా ఒక్కదాని పేరు మీదైతే వడ్డీ పావు శాతం తగ్గేదట. సేల్ డీడ్‌లో పేరున్నవాళ్లందరూ కో-అప్లికెంట్లుగా ఉండాలని బ్యాంకు అన్నది కాబట్టి, ఆ పావు శాతం పోయినా సరేనని ఇద్దరం అనుకున్నాం. సంతకాల దగ్గర ఆఫీసరు కాగితాలు నా ముందు పెడితే, నేను ఆయన వైపు జరిపాను.

సార్, అక్కా, అందరికీ మా ఇద్దరి దండాలు. గృహప్రవేశానికి ముహూర్తం పెట్టాక ఇక్కడ చెబుతాను.

ఏలూరు_స్టూడియో
18 ఆగస్టు 2025

నేను కూడా ఫోటోగ్రాఫర్‌నే అన్నా, అచ్చం ఇదే పరిస్థితి. నా స్కోరు 540. ఇంట్లో ఇంకా చెప్పలేదు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. ఫైనాన్స్ ఏజెంట్లకు చాలాసార్లు నగదే ఇచ్చాను.

కృష్ణలంక_టీచర్
18 ఆగస్టు 2025

నేను టీచర్ గారి భర్తను, ఆమె ఖాతా నుంచి రాస్తున్నాను తమ్ముడూ. ఈ రాత్రికే నీ దగ్గరున్న రసీదులన్నీ తీసి, వెలుతురు బాగున్నచోట పెట్టి ఒక్కొక్కటి ఫోటో తియ్యి. అక్షరాలు మసకబారుతున్న కాగితాన్ని కొంచెం పక్కకు వంచి తీస్తే కనబడతాయి. తీసినవి రెండు చోట్ల దాచుకో. ఆదివారం మీ ఆవిణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని రిపోర్టు తెరువు. నేను నాలుగేళ్లు దాచాను, దాచిన ఆ నాలుగేళ్లలోనే కెమెరా లోన్ తప్పు అలాగే ఉండిపోయింది. రసీదులు ఎన్ని దొరికాయో, వాటి మీద ఏ తేదీలున్నాయో ఇక్కడ రాయి. ఏది ముందు పెట్టాలో మనందరం కలిసి చూద్దాం.